ఇచ్చిన తరువాత: సాంప్రదాయిక జ్ఞాన డిజిటల్ గ్రంథాలయం – వినియోగ షరతుల చరిత్ర

వ్యాససంగ్రహం:
డిజిటల్ సమాచారాన్ని ఎవరు చూడవచ్చునన్నది ఒక ప్రశ్న. చూసినవారు దానితో ఏమి చేయవచ్చునన్నది మరొక ప్రశ్న. మొదటిదానికి సంకేతపదాలు, అనుమతి పట్టికలు చాలాకాలంగా సమాధానం చెబుతున్నాయి. రెండవదానికి నిలకడైన సమాధానం నేటికీ లేదు. భారత ప్రభుత్వం 2001లో ప్రారంభించిన సాంప్రదాయిక జ్ఞాన డిజిటల్ గ్రంథాలయాన్ని 2009 నుంచి విదేశీ పేటెంటు కార్యాలయాలకు షరతులతో అందించడం ఈ రెండవ ప్రశ్నను ఎదుర్కొన్న ముఖ్యమైన ప్రయత్నం. ఆ షరతులు ఎందుకు పుట్టాయో, నిజానికి దేనిని కాపాడాయో, 2022లో ఎలా సడలాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. షరతు విధించే అధికారం జ్ఞానం పుట్టిన చోట గాక, దానిని భద్రపరచిన చోట స్థిరపడిందని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వినియోగ నియంత్రణ, సాంప్రదాయిక జ్ఞానం, పేటెంటు, డిజిటల్ గ్రంథాలయం, జీవవైవిధ్యం, బసవరాజీయం.

ఉపోద్ఘాతం:

తాళపత్ర గ్రంథాల చివర లేఖకులు రాసుకొనే విన్నపం ఒకటి ఉంది. నూనె నుంచి, నీటి నుంచి, వదులైన కట్టు నుంచి తనను కాపాడమని, మూర్ఖుని చేతికి మాత్రం ఇవ్వవద్దని పుస్తకమే వేడుకొన్నట్లుగా అది ఉంటుంది. దానిని ఆచారంగా భావించి దాటిపోవడం పరిపాటి. అయితే అందులోని చివరి మాట సామాన్యమైనది కాదు. పుస్తకం ఇప్పటికే ఒకరి చేతిలో ఉన్నది. ఆ చేయి దానిని మరెవరికి అందించాలో, అందించకూడదో రాసినవాడు ముందుగానే చెబుతున్నాడు. చెప్పగలడే గాని అమలు చేయలేడు. ఇచ్చిన తరువాత అదుపు ఎలా అన్న సమస్య కంప్యూటరుతో పుట్టినది కాదనడానికి ఈ విన్నపమే సాక్ష్యం.

కంప్యూటరు శాస్త్రం ఈ సమస్యను 1973లోనే గుర్తించింది. ఒక వ్యక్తి తన సమాచారాన్ని మరొకరు రాసిన ప్రోగ్రాముకు అప్పగించినప్పుడు, ఆ ప్రోగ్రాము దానిని రహస్యంగా బయటికి చేరవేయకుండా చూడడం ఎంత కష్టమో బట్లర్ లాంప్సన్ ఒక చిన్న వ్యాసంలో వివరించాడు. అనుమతి ఇవ్వడం, నిరాకరించడం అనే రెండు చర్యలతో ఈ కష్టం తీరదు. తరువాత దాదాపు మూడు దశాబ్దాలకు, 2002లో జేహాంగ్ పార్క్, రవి సంధు ‘వినియోగ నియంత్రణ’ అనే సిద్ధాంత నమూనాను ప్రతిపాదించారు. 2004లో దానిని విస్తరించారు. అనుమతికి తోడుగా, వాడుకరి నెరవేర్చవలసిన బాధ్యతలను, వాడుక జరిగే పరిస్థితులను కూడా ఆ నమూనా లెక్కలోకి తీసుకొన్నది. వాడుతున్నంతసేపూ అర్హతను పరిశీలిస్తూ ఉండాలన్నది, అవసరమైతే మధ్యలోనే అనుమతిని ఉపసంహరించాలన్నది అందులోని కొత్తదనం. కాగితం మీద ఇది సమగ్రంగా ఉన్నది. యంత్రం పరిధి దాటి మనిషి మెదడులోకి చేరిన సమాచారం విషయంలో మాత్రం ఏ నమూనా అయినా తాళపత్ర లేఖకుని స్థితికే వచ్చి ఆగుతుంది.

ఇదే కాలంలో భారతదేశంలో ఒక ప్రభుత్వ ప్రయత్నం ఈ సమస్యను సిద్ధాంతంగా గాక ఆచరణలో ఎదుర్కొన్నది. దాని మూలాలు కంప్యూటరు శాస్త్రంలో లేవు. పసుపులో, వేపలో ఉన్నాయి.

పసుపు, వేప:

గాయానికి పసుపు అద్దడం తెలుగు ఇళ్ళలో ఎవరూ ప్రత్యేకంగా నేర్పవలసిన విద్య కాదు. 1995 మార్చిలో అమెరికా పేటెంటు కార్యాలయం గాయాలను మాన్పడానికి పసుపును వాడే పద్ధతిపై మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు మంజూరు చేసింది. దరఖాస్తుదారులు భారత సంతతికి చెందినవారే. ఆర్.ఎ. మషేల్కర్ నాయకత్వంలోని శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి పునఃపరీక్షను కోరింది. పసుపు గుణం పాతదేనని నిరూపించడానికి 32 ఆధారాలను సమర్పించింది. వాటిలో సంస్కృత గ్రంథాలతోపాటు 1953లో భారతీయ వైద్య సంఘ పత్రికలో వచ్చిన వ్యాసం కూడా ఉన్నది. 1997లో ఆ పేటెంటు క్లెయిములు తిరస్కరణకు గురయ్యాయి.

కోట్ల మందికి తెలిసిన సంగతికి కాగితం ఆధారాలు ఎందుకు అవసరమయ్యాయి? దీనికి కారణం నాటి అమెరికా చట్టంలో ఉన్నది. ఆ దేశంలో ప్రజలకు తెలిసి ఉన్నదైనా, వాడుకలో ఉన్నదైనా పేటెంటుకు అడ్డు నిలుస్తుంది. విదేశంలో మాత్రం అది అచ్చయినదై గాని, పేటెంటు పొందినదై గాని ఉండాలి. విదేశాలలో నోటి మాటగా, చేతి వాడుకగా బ్రతికిన జ్ఞానం ఆ చట్టం దృష్టిలో లేనట్లే. 2011లో చేసి 2013 మార్చి నుంచి అమలులోకి తెచ్చిన సంస్కరణతో గాని ఈ భేదం తొలగలేదు. అంటే పసుపు వివాదం నడిచిన రోజులలో భారతీయ అవ్వ సాక్ష్యానికి విలువ లేదు. అచ్చు పుస్తకపు సాక్ష్యానికి ఉంది.

వేప కథ ఇంకా దీర్ఘమైనది. వేపగింజల నూనెతో మొక్కలపై శిలీంధ్రాలను అదుపుచేసే పద్ధతికి 1994లో ఐరోపా పేటెంటు కార్యాలయం అమెరికా వ్యవసాయ శాఖకు, డబ్ల్యు.ఆర్. గ్రేస్ అనే బహుళజాతి సంస్థకు ఉమ్మడిగా పేటెంటు ఇచ్చింది. వందనా శివ, ఐరోపా పార్లమెంటులోని హరిత పక్షానికి చెందిన మాగ్దా ఆల్‌వూట్, సేంద్రియ వ్యవసాయ ఉద్యమాల అంతర్జాతీయ సమాఖ్య కలిసి దానిని వ్యతిరేకించారు. 2000 మేలో పేటెంటు రద్దయింది. దానిపై వేసిన అప్పీలు 2005 మార్చిలో వీగిపోయింది. గెలుపు వచ్చింది గాని దానికి పదేళ్ళు పట్టింది. ఒక్కొక్క పేటెంటుపై ఒక్కొక్క దశాబ్దం వ్యాజ్యం నడపడం ఏ దేశానికీ సాధ్యం కాదు. పేటెంటు ఇచ్చిన తరువాత పోరాడడం కన్నా, ఇవ్వకముందే పరీక్షకుని బల్లమీద ఆధారం ఉంచడం చవక అన్న లెక్క ఇక్కడి నుంచి వచ్చింది.

శ్లోకం నుంచి పత్రానికి:

సాంప్రదాయిక జ్ఞాన డిజిటల్ గ్రంథాలయాన్ని 2001లో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి, నేటి ఆయుష్ మంత్రిత్వశాఖకు పూర్వరూపమైన భారతీయ వైద్య విధానాల శాఖ కలిసి మొదలుపెట్టాయి. పని ఆయుర్వేదంతో మొదలై యునాని, సిద్ధ, యోగాలకు, తరువాత సోవా రిగ్పాకు విస్తరించింది. మూలాలు సంస్కృతం, అరబిక్, పారశీకం, ఉర్దూ, తమిళం వంటి భాషలలో ఉన్నవి. గమ్యభాషలు ఐదు: ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, జపనీస్.

ఇక్కడ జరిగినది సాధారణార్థంలో అనువాదం కాదు. శ్లోకాన్ని వాక్యంగా గాక యోగంగా చూశారు. అందులో ఏ మూలికలు, ఏ వ్యాధి, ఏ తయారీ అన్నవాటిని విడదీసి సంకేతాలుగా మార్చారు. ఒకసారి సంకేతీకరించిన అంశాన్ని ఐదు భాషలలోనూ సాఫ్ట్‌వేరే విప్పి చూపుతుంది. జ్వరం ఫీవర్ అవుతుంది, మసూరిక స్మాల్‌పాక్స్ అవుతుంది, పసుపు కుర్కుమా లాంగా అవుతుంది. ఛందస్సు, గురుస్తుతి, పథ్యంతోపాటు చెప్పే నీతి ఈ జల్లెడలో నిలవవు. సాహిత్య విద్యార్థికి ఇది నష్టంగా తోచడం సహజం. మసూరిక, స్మాల్‌పాక్స్ ఒకటేనా అని వైద్యచరిత్రకారుడు కూడా సందేహించవచ్చు. పేటెంటు పరీక్షకునికి కావలసినది మాత్రం ఆ సమీకరణమే. సాంప్రదాయిక జ్ఞానానికి ప్రత్యేక వర్గీకరణ విధానాన్ని కూడా ఈ ప్రాజెక్టు రూపొందించింది. అంతర్జాతీయ పేటెంటు వర్గీకరణలో ఒకప్పుడు మూలికా ఔషధాలన్నిటికీ దాదాపు ఒకే గది ఉండేది. 2006 జనవరి నుంచి అమలైన కూర్పులో ఆ గది సుమారు 200 ఉపవర్గాలుగా విస్తరించడంలో భారతీయ కృషికి పాత్ర ఉన్నది. వర్గీకరణ చరిత్రలో ఇదొక పెద్ద మలుపు. దీనికి రావలసినంత గుర్తింపు రాలేదు.

ఒప్పందంలోని రెండు వాక్యాలు:

గ్రంథాలయం సిద్ధమైన తరువాత ఒక చిక్కు ఎదురైంది. దీనిని పరీక్షకులకు చూపకపోతే పేటెంట్లు ఆగవు. అందరికీ తెరిస్తే, లక్షల యోగాలు ఐదు ప్రపంచ భాషలలో, ఆధునిక పరిభాషలో, వెతకడానికి వీలుగా ఔషధ సంస్థల ముందు పరచినట్లవుతుంది. ఒక యోగాన్ని కొద్దిగా మార్చి, అందులోని రసాయనాన్ని వేరుచేసి, ‘కొత్తది’గా పేటెంటు కోరడానికి అదే దారి చూపుతుంది. దొంగతనాన్ని ఆపడానికి చేసిన పట్టిక దొంగకు చిరునామాల పుస్తకం కాకూడదు.

దీనికి కనుగొన్న ఉపాయం ప్రవేశ ఒప్పందం. 2009 ఫిబ్రవరిలో ఐరోపా పేటెంటు కార్యాలయంతో మొదటి ఒప్పందం జరిగింది. అదే సంవత్సరం నవంబరులో అమెరికాతో, తరువాత బ్రిటన్, కెనడా, జర్మనీ, ఆస్ట్రేలియా, జపాన్ వంటి దేశాల కార్యాలయాలతో ఒప్పందాలు కుదిరాయి. వాటి సారం రెండు వాక్యాలలో ఇమిడిపోతుంది. పరీక్షకులు ఈ సమాచారాన్ని అన్వేషణకు, పరీక్షకు మాత్రమే వాడాలి. ఆధారంగా ఉదహరించడానికి అవసరమైతే తప్ప అందులోని విషయాన్ని మూడవ పక్షానికి వెల్లడించరాదు.

ఈ రెండు వాక్యాలు కలిసి చేసిన పని వేరు. మొదటిది ప్రయోజనాన్ని నిర్దేశిస్తుంది. రెండవది చేతులు మారడాన్ని నిషేధిస్తూనే ఒక కిటికీని తెరిచి ఉంచుతుంది. ఆ కిటికీ లేకుంటే గ్రంథాలయానికి అర్థమే లేదు. ఎందుకంటే దరఖాస్తుదారునికి ఆధారం చూపకుండా దరఖాస్తును తిరస్కరించడం న్యాయప్రక్రియ కాదు. కాబట్టి పరీక్షకుడు ఉదహరించిన ప్రతిసారీ ఒక యోగం గోప్యత నుంచి బయటపడుతుంది. ఈ వ్యవస్థలో ‘లీకు’ లోపం కాదు, అదే దాని పని. ఒకేసారి అన్నీ గాక, ఎవరైనా హక్కు కోరినప్పుడు మాత్రమే, కోరిన మేరకే, జ్ఞానం బయటపడుతుంది. సాఫ్ట్‌వేరు తాళాలపై ఆధారపడిన సంగీత, చలనచిత్ర పరిశ్రమల వినియోగ నియంత్రణ చరిత్రలో ఇంత సున్నితమైన ఏర్పాటు కనిపించదు. అక్కడ తాళం కొనుగోలుదారుని అనుమానిస్తుంది. ఇక్కడ షరతు ఒక సంస్థ పరువును జామీనుగా తీసుకొంటుంది.

ఫలితం వెంటనే కనిపించింది. 2011 నాటికి ఒక్క ఐరోపాలోనే 36 దరఖాస్తులు రద్దయ్యాయి లేదా ఉపసంహరణ పొందాయి. వేపకు పదేళ్ళు పట్టిన పని వారాలలో ముగిసిన సందర్భాలు ఉన్నాయి. తరువాతి సంవత్సరాలలో ఇలా ఆగిన, సవరణ పొందిన దరఖాస్తులు 200 దాటాయి. ఇచ్చిన తరువాతి అదుపు సాధ్యమేనని ఈ అంకెలు చూపుతున్నాయి. అయితే ఆ అదుపు దేనిమీద అన్నది విడిగా అడగవలసిన ప్రశ్న.

తాళం వేసినది దేనికి:

పేటెంటు చట్టంలో ‘పూర్వ జ్ఞానం’ అనిపించుకోవాలంటే ఆ సమాచారం ప్రజలకు అందుబాటులో ఉండాలి. రహస్యంగా దాచినది పూర్వ జ్ఞానం కాదు. మరి గోప్యంగా ఉంచిన గ్రంథాలయం పేటెంటును ఎలా ఆపగలిగింది? దీనికి సమాధానం సూటిగానే ఉన్నది. ఆధారం గ్రంథాలయం కాదు. అది చూపించే పుస్తకమే ఆధారం. చరక సంహిత, భావప్రకాశం, చక్రదత్తం ఏ పుస్తకాల దుకాణంలోనైనా దొరుకుతాయి. గ్రంథాలయం వాటి వైపు వేలు చూపుతుంది, అంతే.

ఈ సంగతిని గమనిస్తే వాదమంతా మరో దిక్కుకు తిరుగుతుంది. గోప్యంగా ఉంచినది జ్ఞానాన్ని కాదు. ఆ జ్ఞానాన్ని చేరుకొనే సౌలభ్యాన్ని. అనువాదం, వర్గీకరణ, ఒక్క పదంతో లక్షల యోగాలను గాలించే వీలు — వీటికే తాళం పడింది. సంస్కృతం చదవగల వైద్యునికి ఆ తాళం లేదు. హైదరాబాదులోని జాతీయ భారతీయ వైద్య వారసత్వ సంస్థ చరక సంహిత వంటి మూలగ్రంథాలను, నిఘంటువులను ఎలక్ట్రానిక్ రూపంలో, వెతుక్కొనే వీలుతో ఉచితంగా అందరికీ తెరిచి ఉంచింది. ఒకే ప్రభుత్వం కింద, ఒకే ఆయుష్ వ్యవస్థకు సంబంధించిన రెండు ప్రయత్నాలలో ఒకటి తలుపు తెరిచింది, మరొకటి మూసింది. దీనిని వైరుధ్యమనడం తొందరపాటు. మొదటిది చదువరిని ఉద్దేశించినది, మూలభాషలోనే ఉన్నది. రెండవది యంత్రాన్వేషణను ఉద్దేశించినది, కొనుగోలు శక్తి గల ఐదు భాషలలో ఉన్నది. ప్రమాదం సమాచారంలో గాక దాని రూపంలో ఉందని ఈ రెండు నిర్ణయాలూ పరోక్షంగా ఒప్పుకొంటున్నాయి.

తెలుగు ప్రాంతాలలో దీనికి పూర్తిగా భిన్నమైన అదుపు పద్ధతి తరతరాలుగా ఉన్నది. చెబితే మందు పనిచేయదన్న నమ్మకంతో నాటువైద్యులు పసరు పేరు బయటపెట్టరు. మృగశిర కార్తె ప్రవేశంనాడు హైదరాబాదులో వేల మందికి పంచే చేప మందు తయారీ ఒక కుటుంబంలోనే ఉండిపోయింది. ఆ మందు గుణం చర్చ వేరు. అదుపు దృష్టితో చూస్తే అది సంపూర్ణమైనది, ఎందుకంటే అక్కడ పంచినది ఫలితాన్నే గాని సమాచారాన్ని కాదు. ఈ పద్ధతికి మూల్యం కూడా ఉంది. వారసుడు లేని వైద్యునితో విద్య పోతుంది. పైగా రాయని జ్ఞానం కాబట్టి, 2013కు ముందరి అమెరికా చట్టం ముందు అది నిలవదు కూడా. దాచుకొంటే చట్టానికి కనబడదు, రాసిపెడితే చేయి దాటుతుంది. ఈ రెంటి మధ్య డిజిటల్ గ్రంథాలయం మూడవ దారిని వెతికింది.

2022 నిర్ణయం:

2022 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం గ్రంథాలయ ప్రవేశాన్ని పేటెంటు కార్యాలయాలకు మించి విస్తరించడానికి ఆమోదం తెలిపింది. అప్పటికి అందులో 4.2 లక్షలకు పైగా యోగాలు, ఆచరణలు చేరాయి. 14 పేటెంటు కార్యాలయాలకు ప్రవేశం ఉన్నది. ఇకపై చందా చెల్లించి వ్యాపార సంస్థలు, పరిశోధన సంస్థలు, విద్యాసంస్థలు, వైద్యులు దశలవారీగా దీనిని వాడుకోవచ్చునన్నది నిర్ణయం. పరిశోధనను, నవకల్పనను ప్రోత్సహించడం లక్ష్యంగా ప్రకటించారు.

దీనికి అనుకూలంగా చెప్పగలిగినది చాలా ఉన్నది. దేశీయ పరిశోధకుడు తన తాతల జ్ఞానాన్ని చూడలేకపోగా మ్యూనిక్‌లోని పరీక్షకుడు చూడగలగడం పదమూడేళ్ళపాటు సాగిన విచిత్రం. అయినా ఇక్కడ జరిగినది ప్రవేశాన్ని విస్తరించడం మాత్రమే కాదు. ప్రయోజనం మారింది. పేటెంట్లను ఆపడానికని సేకరించిన సమాచారం ఉత్పత్తులను తయారుచేయడానికి పనికివచ్చే సమాచారమైంది. వ్యక్తిగత సమాచారం విషయంలో ఇలాంటి మార్పును చట్టం అనుమానంగా చూస్తుంది. ఒక పనికని తీసుకొన్న వివరాలను మరో పనికి వాడరాదన్నది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం వెనుక ఉన్న మౌలిక సూత్రాలలో ఒకటి. కాని ఆ చట్టం వ్యక్తికి వర్తిస్తుంది. సముదాయపు జ్ఞానానికి అలాంటి రక్షణ లేదు. గ్రంథాలయం విషయంలో షరతు విధించినది ప్రభుత్వమే, సడలించినదీ ప్రభుత్వమే. ఆ యోగాలను తరాల తరబడి పరీక్షించి నిలబెట్టిన సముదాయాలకు 2009 ఒప్పందంలోనూ, 2022 నిర్ణయంలోనూ పక్షంగా స్థానం లేదు.

మరొక సంగతి. 2009 ఒప్పందాల భాష పరీక్షకుడనే మనిషిని ఊహించుకొన్నది. అతడు ఒక దరఖాస్తును చేతబట్టుకొని ఒక యోగాన్ని వెతుకుతాడు. లక్షల యోగాలను ఒక్కసారిగా చదివి, వాటి మధ్య పోలికలను పట్టుకొని, మూలాన్ని ఎక్కడా ఉదహరించకుండానే కొత్త సమ్మేళనాలను సూచించగల యంత్రాలు ఇప్పుడు వచ్చాయి. ‘వెల్లడించరాదు’ అన్న షరతును అటువంటి యంత్రం అక్షరాలా పాటిస్తూనే దాని ఉద్దేశాన్ని వమ్ము చేయగలదు.

బసవరాజీయం ఎటువైపు:

ఈ ప్రశ్న తెలుగు నేలను తాకే చోటు ఒకటి ఉంది. 1940 నాటి ఔషధాలు, సౌందర్యసాధనాల చట్టం మొదటి షెడ్యూలు ప్రామాణిక వైద్యగ్రంథాల పట్టికను ఇస్తుంది. ఆంధ్రదేశంలో వైద్యులు తరతరాలుగా అనుసరించిన బసవరాజీయం ఆ ఆయుర్వేద గ్రంథాలలో ఒకటి. ఒకప్పుడు ఆ పట్టికలో చేరడం గౌరవం, మందుల తయారీకి ఆధారం. 2023లో జీవవైవిధ్య చట్టానికి చేసిన సవరణతో దానికి మరో అర్థం వచ్చింది. ఆ షెడ్యూలులోని గ్రంథాల నుంచి గ్రహించిన జ్ఞానాన్ని ‘క్రోడీకృత సాంప్రదాయిక జ్ఞానం’ అని సవరణ నిర్వచించింది. దాని వాడుకకు, రాష్ట్ర మండలికి ముందుగా తెలియజేసి ప్రయోజనాన్ని పంచుకోవలసిన బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చింది. మూలికను ఏరే గిరిజనుడు చెప్పిన యోగానికి, పుస్తకంలో ఉన్న అదే యోగానికి చట్టం ముందు రెండు గతులు ఏర్పడ్డాయి. పేటెంటు న్యాయంలో రాత రక్షణ కవచమైంది. ప్రయోజనాల పంపకంలో అదే రాత హక్కును హరించింది. గ్రంథస్థం చేయడాన్ని నిస్సందేహమైన మేలుగా భావించే వాఙ్మయచరిత్ర దృష్టికి ఇది మింగుడుపడని విషయం.

రాయని జ్ఞానం పరిస్థితి వేరు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ యాజమాన్య కమిటీ ఏర్పడి, ఆ ఊరి మొక్కలు, జంతువులు, వాటి ఔషధ గుణాలు, సాంప్రదాయిక జ్ఞానం అన్నీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో నమోదు చేయాలి. చాలాకాలం ఈ పని నత్తనడక నడిచింది. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31ని గడువుగా పెట్టి, ఆ తరువాత నెలకు రూ. 10 లక్షల చొప్పున జమ చేయాలని రాష్ట్రాలను హెచ్చరించింది. దాంతో దేశమంతటా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా, రిజిస్టర్లు హడావిడిగా పూర్తయ్యాయి. గడువుకు భయపడి రాసిన పుటలలో నాటువైద్యుని మాట ఎంత ఉన్నదో, పాఠ్యపుస్తకపు మాట ఎంత ఉన్నదో క్షేత్రస్థాయిలో తేల్చవలసిన పరిశోధన.

2024 మేలో జెనీవాలో ప్రపంచ మేధోసంపత్తి సంస్థ ఆమోదించిన ఒడంబడిక, జన్యు వనరులపై ఆధారపడిన పేటెంటు దరఖాస్తులో ఆ వనరు ఏ దేశానిదో, జ్ఞానం ఏ సముదాయానిదో చెప్పాలని నిర్దేశించింది. ఇలాంటి సమాచార నిధులను తగిన రక్షణలతో పేటెంటు కార్యాలయాలకు అందించవచ్చునని కూడా అందులో ఉన్నది. భారతీయ నమూనా అంతర్జాతీయ న్యాయంలోకి ప్రవేశించిందనడానికి ఇది గుర్తు. ‘తగిన రక్షణలు’ ఏవో తేల్చే పనిని మాత్రం అది దేశాలకే వదిలిపెట్టింది.

ఊరి స్థాయిలో ఆ రక్షణ ఎలా ఉండేదో 2004 నాటి జీవవైవిధ్య నియమాలలో కనిపిస్తుంది. ప్రజా రిజిస్టరుతోపాటు కమిటీ మరో రిజిస్టరును నిర్వహించాలని ఆ నియమాలు చెప్పాయి. జీవవనరులకు, సాంప్రదాయిక జ్ఞానానికి ఇచ్చిన ప్రవేశాల వివరాలు, విధించిన రుసుము, వచ్చిన ప్రయోజనం, దానిని పంచిన తీరు అందులో రాయాలి. జ్ఞానాన్ని ఏ పనికని ఇచ్చారో, తీసుకొన్నవారు దానిని ఆ పనికే వాడారో లేదో నమోదు చేయడం ఆ అంశాలలో లేదు.